మెర్సి తిరగబడితే

ప్రశ్న: నమస్తే టీచర్‌గారూ. మాది తెనాలి. హైదరాబాద్‌లో ఫ్రెంచి నేర్చుకుని, మధ్యస్థాయిదైన బి1 పరీక్ష గట్టెక్కి, పోయిన సెప్టెంబర్‌లో విమానాల ఇంజనీరింగ్ చదవడానికి ఫ్రాన్స్‌లోని తులూజ్ వచ్చాను. క్లాసులో ప్రొఫెసర్ చెప్పేది ముప్పాతిక వంతు అర్థమవుతోంది. బయట కాఫీ మెషీన్ దగ్గర తోటివాళ్ళు మాట్లాడుకునేది పావు వంతు కూడా అందడం లేదు. పాటలు వింటే స్లాంగ్ వస్తుందని రూమ్మేట్ చెబితే మూడు నెలలుగా మెట్రోలో అవే వింటున్నాను. కొన్ని మాటలు పట్టుకున్నాను కూడా. మొన్న ఆఫీసులో నాకు సర్టిఫికెట్ ఇచ్చిన పెద్దావిడతో హుషారుగా "సిమేర్ మదామ్!" అన్నాను. ఆవిడ కళ్ళద్దాల పైనుంచి ఒక్క చూపు చూసి, "జ వూజ్ ఆన్ ప్రీ, మస్యూ" అంది, అంటే 'ఫరవాలేదండీ' అని, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే నాకు చెమటలు పట్టాయి. నా వెనక నిలబడ్డ ఫ్రెండు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తాడు. పాటలతో నేర్చుకోవడం తప్పా? తప్పు కాకపోతే ఏ పాటలు వినాలి?
గోంగూర దొరకని ఊళ్ళో ఒకడు

సమాధానం: అబ్బాయ్, నా క్లాసులో కూర్చునే పిల్లల వయసే నీది కాబట్టి 'నువ్వు' అనే అంటాను, ఏమనుకోకు. ఈ నువ్వు, మీరు సంగతి మళ్ళీ వస్తుంది. నీ కథలో అసలు ముడి అక్కడే ఉంది.

ముందు నీ చెమటలు తుడుస్తాను. సిమేర్ బూతు కాదు. థాంక్స్ అని చెప్పే 'మెర్సి'ని రెండు ముక్కలు చేసి, వెనకది ముందుకి తెస్తే వచ్చిన మాట అది. దీన్ని వేర్లాన్ అంటారు. ఆ పేరూ అదే ఆటలో పుట్టింది. ఫ్రెంచిలో తిరగేసి అనడానికి 'ఆ లాన్వేర్' అంటారు కదా, ఆ లాన్-వేర్‌ని తిప్పితే వేర్-లాన్. చిన్నప్పుడు పెద్దవాళ్ళకి అర్థం కాకూడదని ప్రతి అక్షరం ముందూ 'క' తగిలించి 'కనుకవ్వు కరాకవే' అని గుసగుసలాడుకునేవాళ్ళం చూడు, కోరిక అదే. కాకపోతే మనం క-భాషని హైస్కూలుకి వచ్చేసరికి మరిచిపోతాం. వాళ్ళది పారిస్ శివారు వాడల్లో బలిసి, పాటలెక్కి, ఇప్పుడు డిక్షనరీల్లో కూడా దర్జాగా కూర్చుంది.

తిప్పడం అక్షరాలతో కాదు, శబ్దంతో. ఫామ్ అంటే ఆడమనిషి. పలకడానికి ఒక్కటే ముక్క. తిప్పాలంటే రెండు ముక్కలుండాలి గనక, రాతలో చివర ఉండి నోట పలకని అచ్చుని నిద్రలేపి ఫా-మ అంటారు. తిప్పితే మ-ఫా. చివరి 'ఆ' రాలిపోయి మఫ్ మిగిలింది. ఆ మొదటి అచ్చు మన దగ్గర లేదు. మూతిని 'ఒ' అన్నట్టు గుండ్రంగా పెట్టి లోపల 'ఎ' అను, అదీ శబ్దం. పిచ్చివాడు ఫూ, తిప్పితే ఊఫ్. అనుమానించాల్సిన వ్యవహారం లూష్, తిప్పితే షలూ. విసిగించేవాడు లూర్, తిప్పితే రలూ. కాఫీ మెషీన్ దగ్గర నీకు అందకుండా పోయిన వాటిలో సగం ఇవే అయుంటాయి. ఒకసారి తిప్పిన మాట అమ్మానాన్నలకి కూడా తెలిసిపోతే, కుర్రకారు దాన్నే మళ్ళీ తిప్పుతారు. అరబ్ తిరిగి బర్ అయింది. బర్ పత్రికల దాకా పోయాక మళ్ళీ తిరిగి రబ అయింది. (ఇలా జాతిని, ఒంటిరంగుని చెప్పే మాటలు అర్థం చేసుకో, అంతే. వాళ్ళలో వాళ్ళు అనుకుంటారు. నీ నోట అవసరం లేదు.) అన్నట్టు, నువ్వు సొంతంగా ఏ మాటా తిప్పకు. జనం తిప్పినవే చెల్లుతాయి. మిగతావి తిప్పితే నీకు నాలిక మడత పడిందనుకుంటారు.

ఇంతకీ ఆఫీసులో జరిగిందానికి నువ్వొక్కడివే బాధపడక్కర్లేదు. నా సంగతి విను. 2003లో నేను లియోన్ వెళ్ళేటప్పుడు, పాండిచ్చేరిలో చదివిన సీనియర్ ఒకావిడ ఎనభైల నాటి ఫ్రెంచి పాటల కేసెట్లు అరడజను ఇచ్చింది. అరిగిపోయేదాకా విన్నాను. అక్కడ చేరిన రెండో వారం, కొత్త జాకెట్ వేసుకొచ్చిన సహోద్యోగినితో 'షేబ్రాన్!' అన్నాను. బ్రాన్‌షే అంటే కరెంటు ప్లగ్గు పెట్టినది అని అర్థం, వాడుకలో తాజా ఫ్యాషన్ తెలిసిన మనిషి అని. దాని వేర్లాన్ షేబ్రాన్. ఆ అమ్మాయి ఒక నిమిషం ఆగి, "మా నాన్న అంటాడు ఆ మాట" అంది. తర్వాత తెలిసింది, నేనెంత వెనకబడ్డానో. 1985లోనే టీవీ ఇంటర్వ్యూలో 'షేబ్రాన్ అంటే తెలుసా' అని అడిగితే అధ్యక్షుడు మిత్తెరాన్, అది అప్పటికే పాతబడిపోయిందనీ, ఇప్పుడు 'కాబ్లే' అనాలనీ చెప్పాడు. అరవై ఎనిమిదేళ్ళ పెద్దమనిషి పాతదని తీసిపారేసిన మాటని నేను పద్దెనిమిదేళ్ళ తర్వాత కొత్త జాకెట్‌కి తొడిగాను. స్లాంగ్ పాలలాంటిది, పాట దాన్ని సీసాలో పోసి తేదీ వెయ్యకుండా మూతపెడుతుంది.

అందుకే నీ మొదటి ప్రశ్నకి నా జవాబు: పాటలు వినడం తప్పు కాదు, వినకపోతేనే తప్పు. అయితే పాట నీ చెవి కోసం. నీ నోటికి మాట మనుషుల దగ్గర్నుంచి రావాలి. ఏదైనా స్లాంగ్ మాట పాటలో ఎన్నిసార్లు విన్నా సరే, నీ వయసువాడు, నీ ఎదురుగా, మామూలుగా మాట్లాడుతూ అనేదాకా దాన్ని జేబులోనే ఉంచు. తెలుగు సినిమా పాటలు విని తెలుగు నేర్చుకున్న బీహార్ కుర్రాడు కిరాణా కొట్టు ఆవిడతో 'చిల్లర ఇవ్వవే చెలియా' అన్నాడనుకో. మాటల్లో తప్పేం లేదు. చెంప మాత్రం వాడిదే.

అలాగని పాటలో దొరికేది స్లాంగ్ మాటలే అనుకుంటే దానికి అన్యాయం చేసినట్టు. నీకు కాఫీ మెషీన్ దగ్గర అందనిది మాటలకంటే ముందు వాటి కుదింపు. పుస్తకంలో ఒకలాగా ఉన్నది నోట్లో ఇంకోలాగా ఎలా నలుగుతుందో చెవికి అలవాటు కావాలి. దానికి పాటని మించిన పంతులు లేడు. స్ట్రొమాఏ అనే బ్రస్సెల్స్ గాయకుడున్నాడు. పేరులోనే వేర్లాన్, మాఎస్ట్రోని తిప్పుకుని పెట్టుకున్నాడు. 2013లో వచ్చిన అతని పాట పేరు 'పపాఊతే', ఒక్క మాటగా అతికించి రాస్తారు. విప్పితే 'పపా, ఊ తే?' నాన్నా, ఎక్కడున్నావ్? నీకు హైదరాబాద్‌లో నేర్పింది 'ఊ ఎ త్యూ?' అని. క్రియ ముందు, కర్త తర్వాత. అది పరీక్ష రాసేవాళ్ళు, పత్రికలవాళ్ళు అనే రూపం. ఇంట్లో మనిషి తిప్పడు, 'ఊ త్యూ ఎ' అంటాడు. వెంటనే త్యూలో అచ్చు ఎగిరిపోయి తర్వాతి 'ఎ'కి అతుక్కుని 'తే' అవుతుంది. 'ఎక్కడ ఉన్నావు' అని రాసి 'ఎక్కడున్నావ్' అనే మనకి ఈ సంధి కొత్తా? ఈ ఒక్క పేరు అర్థమైతే రోజుకి వందసార్లు వినే 'తే' గుట్టు తెలిసిపోతుంది. 'తే ఫూ' అంటే నీకు పిచ్చి. 'తే ఊ' అంటే ఎక్కడ చచ్చావ్.

అలాగే 'జ న సే పా', తెలియదు అనడానికి. అందులో 'న' ముందు పోతుంది. మాట్లాడే ఫ్రెంచిలో ఆ 'న' దాదాపు ఎక్కడా బతకదు. మిగిలిన జ-సే కలిసి నలిగి 'షే పా' అవుతుంది. నేను ఉన్నాను అనే 'జ స్వీ' నలిగి 'ష్వీ' అవుతుంది. ఉంది అనే 'ఇల్యా' పొట్టిదై 'యా'. ఇవి స్లాంగ్ కూడా కావు. ప్రొఫెసర్ కూడా ఇంట్లో ఇలాగే అంటాడు. ముందు వీటిని పట్టుకో, వేర్లాన్ తర్వాత.

ఇక్కడ మనకో లాభముంది. మన లిపి విన్నది విన్నట్టు రాస్తుంది. ఫ్రెంచి రాతలో సగం అక్షరాలు అలంకారానికే. కాబట్టి పాట సాహిత్యం తెరిచి పెట్టుకుని వినకు. ఒక చరణం తీసుకుని, సాహిత్యం చూడకుండా, చెవికి ఏది వినపడితే అది తెలుగులో రాసుకో. అర్థంపర్థం లేకపోయినా ఫరవాలేదు. 'షేపాస్కీస్‌పాస్' అని రాశావనుకుందాం. ఆ తర్వాత అసలు సాహిత్యం తీసి పక్కన పెట్టు. 'జ న సే పా స కీ స పాస్', ఏం జరుగుతోందో తెలియదు. రెండు వరుసల మధ్య ఏ అక్షరాలు మాయమయ్యాయో అక్కడ ఎర్ర పెన్నుతో గీత గియ్యి. ఆ ఎర్ర గీతలే నీ పాఠం. నా విద్యార్థుల చేత ఇది చేయిస్తాను. మొదటి వారం తిట్టుకుంటారు. నెలన్నరకి సాహిత్యం అడగడం మానేస్తారు. వారానికి ఒక్క పాట చాలు. ముప్పై పాటలు వరసగా వింటూ మెట్రో కిటికీలోంచి చూస్తే వచ్చేది ఫ్రెంచి కాదు, నిద్ర.

ఒక మెలిక ఉంది. పాడే ఫ్రెంచి, మాట్లాడే ఫ్రెంచి ఒకటి కాదు. రాగానికి సాగాలి గనక, మాటలో పలకని చివరి అచ్చుని పాటలో పలుకుతారు. పిల్లల పాట 'ఫ్రేర జాక' గుర్తుందా? మాట్లాడేటప్పుడు 'ఫ్రేర్ జాక్', రెండే ముక్కలు. పాటలో నాలుగు. నెమ్మదైన పాత పాటలు విని అలాగే మాట్లాడితే పద్యం చదువుతున్నట్టుంటుంది. ర్యాప్‌లో ఈ బెడద తక్కువ, మాట వేగంతోనే పోతుంది. తమాషా ఏమిటంటే నువ్వున్న తులూజ్‌లో పాతకాలపువాళ్ళు మామూలు మాటల్లో కూడా ఆ చివరి అచ్చు పలుకుతారు. 'రోజ్' అనాల్సింది 'రోజ' అంటారు. వాళ్ళ యాస పాటలకి దగ్గర, పారిస్‌కి దూరం.

తులూజ్ అన్నాను గనక ఇంకో మాట. అక్కడ వాక్యం చివర 'కోన్' అని తగిలించడం వినే ఉంటావు. కోపం లేదు, ఏం లేదు, ఊరికే కామాలాగా. అదే మాట పారిస్‌లో ఎదుటివాడి మీద వేస్తే తిట్టు. వరంగల్‌లో 'బండి దొబ్బు' అంటే తొయ్యమని, అంతే. విజయవాడ బస్టాండులో నలుగురి మధ్య అని చూడు, తలలు తిరుగుతాయి. ఏ ఊరి పాటలో విన్నావన్నది అందుకే చూసుకోవాలి. ఆంజెల్ అని బ్రస్సెల్స్ అమ్మాయి, 2018లో మొదటి ఆల్బమ్ వేసి దానికి 'బ్రోల్' అని పేరు పెట్టింది. చిందరవందర సామాను అని. బెల్జియంలో ఇంటింటి మాట. తులూజ్‌లో అంటే 'అదేంటి' అంటారు.

సరే, ఏ పాటలు? మీ ఊరివాళ్ళతోనే మొదలుపెట్టు. బిగ్‌ఫ్లో, ఓలి అని అన్నదమ్ములు, తులూజ్ పిల్లలు, ర్యాప్ చేస్తారు. మాట స్పష్టం, కథ చెబుతారు, బూతు తక్కువ. 2017 నాటి 'దొమాజ్' తీసుకో. 'అయ్యో పాపం, తప్పిపోయిందే' అని అర్థం. చెయ్యాల్సింది చెయ్యలేకపోయిన మనుషుల కథలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, పల్లవిలో 'చేసి ఉండాల్సింది' అనే రూపం తిరుగుతూనే ఉంటుంది. బి1 పుస్తకంలో నిన్ను ఏడిపించిన ఆ భూతకాలపు షరతు రూపం, కోండిసియొనెల్ పాసే, నాలుగు రోజుల్లో నోటికొచ్చేస్తుంది. తర్వాత జెబ్డా అనే బ్యాండు. వాళ్ళూ తులూజే, 1999 వేసవిలో 'తోంబే లా షమీజ్' పాటతో దేశమంతా గెంతించారు. తోంబే అంటే పడటం అని, దానికి కర్మ ఉండదని నీకు చెప్పారు. ఇక్కడ చొక్కా కర్మ! చొక్కా పడేద్దాం, అంటే విప్పేద్దాం అని. మనకి 'పడు' నుంచి 'పడెయ్' వచ్చినట్టే. ఇదే తోంబేని తిప్పి రనో అనే గాయకుడు 1977లోనే 'లెస్ బెతోన్' అని పాట కట్టాడు. లెస్ తోంబే, వదిలెయ్ అని. బెతోన్ అంటే కాంక్రీటు కూడా గనక, మొదటిసారి విన్నవాడు కాంక్రీటుని వదిలెయ్యడమేమిటని తల గోక్కుంటాడు. వేర్లాన్‌ని దేశం మొత్తానికి వినిపించిన పాటల్లో అది ముందుంటుంది. విను, ఆనందించు, వాడకు. నా షేబ్రాన్ గుర్తుంచుకో.

అయా నకమురా అనే గాయని మాత్రం ఆఖర్న. గొప్పది కాదని కాదు, కష్టం గనక. బమాకోలో పుట్టి, పారిస్‌కి ఈశాన్యాన ఓల్నే-సూ-బ్వాలో పెరిగింది. ఆమె పాటలో ఫ్రెంచితో పాటు ఆఫ్రికా, అరబ్బు, జిప్సీల రోమానీ భాష, ఇంగ్లీషు అన్నీ ఒకే వాక్యంలో కాపురం చేస్తాయి. 'పూకీ' అన్న పాట పేరుంది, (తెలుగువాడివి, నవ్వుకో, నవ్వుకున్నాక విను) అది పూకావ్ అనే రోమానీ మాట నుంచి వచ్చింది. చాడీలు మోసేవాడు అని అర్థం. 2024 ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో ఆమె పాడుతుందనగానే, ఇదేం ఫ్రెంచి అని కొందరు రచ్చ చేశారు. ఆమె జూలై 26న పాడిన చోటేదో తెలుసా? 1635 నుంచి ఫ్రెంచి భాషకి కాపలా కాస్తున్న అకాదెమీ ఫ్రాన్సేజ్ ఉండే భవనం ముందు. పక్కన రిపబ్లికన్ గార్డు బ్యాండు వాయిస్తుంటే. ఆ రోజు నేను టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టాను, దాచుకోను.

ఆ అరబ్బు మాటల దగ్గర మనవాళ్ళకి ఒక చుట్టరికం తగులుతుంది. 'కిఫే' అంటే ఒకటి తెగ నచ్చడం. 'జ కిఫ్' అని పాటల్లో లెక్కలేనన్నిసార్లు వస్తుంది. అరబ్బీ కైఫ్ నుంచి వచ్చింది. అదే కైఫ్ ఉర్దూ మీదుగా మన దగ్గరికొచ్చి 'కైపు' అయింది. కాబట్టి ఈ మాటని గుర్తుపెట్టుకోవడానికి నీకు ఫ్లాష్ కార్డు అక్కర్లేదు. పాపం అనాల్సిన చోట 'మిస్కీన్' అంటారు. హైదరాబాద్ పాతబస్తీలో నాలుగు రోజులున్నవాడికి అదీ తెలిసిందే. 'సన్జయే' అంటే మజా చెయ్యడం, ఐవరీ కోస్టు కుర్రాళ్ళు ఇంగ్లీషు ఎంజాయ్‌ని పట్టుకుని అలా చేశారు. మనం ఎంజాయ్‌ని చేసినంత పనే.

కొత్త మాట తగిలినప్పుడు లె రొబేర్ డిక్షనరీ ఆన్‌లైన్‌లో చూడు. మాట పక్కన ఫామిలియే, ఆర్గో, వ్యుల్గేర్ అని గుర్తులుంటాయి. మొదటిది ఇంట్లో మాట, రెండోది వీధి మాట, మూడోది నోరు కడుక్కోవాల్సిన మాట. అది చూశాక, ఆ రోజు నవ్వుతూ పరిగెత్తిన ఫ్రెండు ఉన్నాడే, అతన్ని పట్టుకుని అడుగు: ఈ మాట నువ్వు అంటావా? ఎవరితో అంటావు? మీ అమ్మమ్మ ముందు అంటావా? మూడో ప్రశ్నకి మొహంలో వచ్చే మార్పు ఏ డిక్షనరీలోనూ దొరకదు. నిన్ను చూసి నవ్వినవాడు నీకు గురువుగా పనికొస్తాడు. మర్యాదకి నవ్వని వాళ్ళతోనే ఏమీ తెలియదు.

చెవి ఖాళీగా ఉన్నప్పుడు రేడియో పెట్టుకో. ప్రైవేటు స్టేషన్లు వేసే పాటల్లో 40 శాతం ఫ్రెంచివి ఉండాలని 1994లో చట్టం చేసి, 1996 జనవరి నుంచి అమలు చేశారు. తర్వాత కొన్ని స్టేషన్లకి కాస్త సడలించారు గానీ పద్ధతి అలాగే ఉంది. ఇంగ్లీషు పాట వచ్చినా కంగారుపడకు, కాసేపటికి ఫ్రెంచిది వచ్చి తీరుతుంది.

ఇక ఆ పెద్దావిడ. నువ్వు అనుకుంటున్నట్టు తప్పంతా సిమేర్‌ది కాదు. పాటల్లో ఎవరిని ఎవరు పిలుస్తారో గమనించావా? ప్రేయసిని, స్నేహితుణ్ణి, మోసం చేసినవాణ్ణి, వదిలేసిన నాన్నని. అందరూ 'త్యూ'లే, అంటే నువ్వులే. 'వూ', అంటే మీరు, అని పిలవాల్సిన గుమస్తా, ఇంటి యజమాని, మందుల షాపు ఆవిడ పాటల్లోకి రారు. మూడు నెలలు పాటలే వింటే నీ చెవిలో ఫ్రాన్సంతా నువ్వు-నువ్వు అయిపోయింది. ఆ ధోరణిలో ఆఫీసులోకి నడిచావు. తెలుగులో నీకు ఈ తూకం పుట్టుకతో వచ్చింది. తెనాలిలో తాలూకాఫీసుకి వెళ్ళి సర్టిఫికెట్ ఇచ్చినావిడతో 'థాంక్స్ రా మావా' అంటావా? ఆవిడ నీకు 'వూ' అని, 'మస్యూ' అని బదులిచ్చింది చూడు, అది కోపం కాదు. నువ్వు నిలబడాల్సిన చోటు చూపించింది, అంతే. ఈసారి వెళ్ళినప్పుడు గుమ్మం దగ్గరే "బోన్‌జూర్ మదామ్" అను, పనయ్యాక నిండుగా "మెర్సి బోకూ" అను. క్షమాపణ పత్రాలు రాయకు, ఆవిడ ఎప్పుడో మరిచిపోయి ఉంటుంది.

చివరగా, ఉత్తరం కింద నువ్వు పెట్టుకున్న పేరు చూసి నా ప్రాణం ఉసూరుమంది. ర్యాప్ పాటల్లో 'ఓజేయ్' అనే మాట విన్నావా? డబ్బు అని వాడతారు. గోధుమ అని అర్థమున్న 'బ్లే'ని కూడా అలాగే వాడతారు. కానీ అసలు ఓజేయ్ అంటే పుల్లటి ఆకుకూర. మన గోంగూరకి దగ్గర చుట్టమైన మొక్కని వాళ్ళు 'ఓజేయ్ ద గినే' అంటారు, గినీ దేశపు పుల్లాకు అని. ఆఫ్రికా సరుకులమ్మే కొట్లలో అడిగి చూడు. అక్కడ దొరక్కపోతే వసంతం రాగానే ఆదివారం పొద్దున సెంతోబాన్ చర్చి చుట్టూ పెట్టే సంతకి వెళ్ళు. "యూన్ బోత్ దోజేయ్, సిల్ వూ ప్లే." కట్ట చేతిలోకి వస్తుంది. అది మామూలు ఓజేయ్, ఆకు వేరు, పులుపు మాత్రం పులుపే. ఉడికితే రంగు కూడా మన గోంగూరలాగే మాసిపోతుంది. కందిపప్పులో వేసి చూడు, ఎండుమిరపకాయలు మాత్రం ఇంటినుంచి తెచ్చుకున్నవే వాడు.